పాముకొండ నీడన

పటంలో పావగడ తాలూకాను ఎప్పుడైనా చూశారా? తుమకూరు జిల్లాదే అయినా చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర నేలే. దక్షిణాన మడకశిర, తూర్పున పెనుకొండ, ఉత్తరాన కల్యాణదుర్గం. పాత మైసూరు సంస్థానంలోది కనుక 1956లో రాష్ట్రాలు మళ్ళీ ఏర్పడినప్పుడూ మైసూరులోనే ఉండిపోయింది. బస్సు మీద బోర్డు కన్నడం, బస్సులో సీటు కోసం పోట్లాట తెలుగు. మా అమ్మ పుట్టిల్లు అక్కడే.

మొన్న సంక్రాంతి సెలవులకు మా అమ్మాయిని తీసుకుని బెంగుళూరు నుంచి మధుగిరి మీదుగా వెళ్ళాను. మధుగిరి ఏకశిల ఎక్కడానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. పావగడకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది శనిమహాత్ముడి భక్తులే. దర్శనం కాగానే కొండవైపు తలెత్తైనా చూడకుండా బస్సెక్కేస్తారు. చెప్పొద్దూ, నాకది అన్యాయమనిపిస్తుంది.

ఊరికి పేరిచ్చింది ఆ కొండే. కోట కడుతుంటే పాము బొమ్మ ఉన్న రాయి దొరికిందనీ, అందుకే పాముకొండ అన్నారనీ పెద్దలంటారు. పాత కన్నడంలో పామును పావు అంటారు కాబట్టి రెండు భాషలవాళ్ళకూ తగువు లేదు. పాళెగాళ్ళ కోట హైదర్ అలీ చేతికీ, తర్వాత టిప్పు చేతికీ వెళ్ళింది. 1799లో టిప్పు పోయాక మైసూరు రాజులది అయింది. ఇప్పుడు మేకలది. గుండ్ల సందుల్లో మెట్లు, బురుజు దాటితే మళ్ళీ బురుజు. పైనుంచి చూస్తే రాళ్ళూ, ఎండిన చెరువులూ, శెనక్కాయ పీకేసిన చేలూ.

"ఏం పాపా, కొండెక్కి వస్తిరా? కాళ్ళు నొస్తాండాయా?" అంటూ చిన్నమ్మ ముద్ద, ఊరిబిండి పెట్టింది.

తిరుమణి వైపు ఉన్న పొలాన్ని మా తమ్ముడు సోలార్ పార్కుకు కౌలుకిచ్చాడు. 2019 చివరికి పూర్తయిన ఆ పార్కు సుమారు 13,000 ఎకరాలది, 2,050 మెగావాట్లది. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, 28 ఏళ్ళ ఒప్పందం. రాయచెర్లు, క్యాతగానచెర్లు అని ఊళ్ళ పేర్లలో చెరువులు వినిపించే చోట, నీళ్ళు నమ్ముకున్నవాళ్ళకు మిగలనిది ఎండను నమ్ముకుంటే మిగిలింది. వానలు లేని ఏళ్ళను గుర్తు చేసుకుంటే ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టలేను. చిన్నమ్మకు మాత్రం మనసొప్పలేదు. "దుడ్డు వస్తాంది సరే. శేనికి పోదామంటే గేటు కాడ నిలబెడ్తారు మే" అంది.

రాత్రి భోజనాలయ్యాక రేకు పెట్టె తెచ్చింది. హిందూపురం నుంచి అమ్మ తనకు రాసిన ఇన్‌లాండు ఉత్తరాలు. అమ్మ పోయి ఆరేళ్ళు. నాకామె చేతి ఉత్తరం ఒక్కటీ లేదు. హాస్టల్లో ఉన్నప్పుడు నాన్నే రాసేవాడు, చివర్లో "అమ్మ అడిగిందని చెప్పమంది" అని ఒక ముక్క. ఎందుకంటే అమ్మ చదివింది కన్నడ బడిలో. తెలుగే, కానీ కన్నడ అక్షరాల్లో రాసేది. ఆ తాలూకాలో అలా రాసే ఇళ్ళు ఎన్నో. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే, అచ్చులో ఉంటే కూడబలుక్కుని చదువుతాను. గొలుసుకట్టుగా రాసిన అమ్మ రాత మాత్రం నాకు పడలేదు. చిన్నమ్మ కళ్ళకు పొర కమ్మింది.

మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. ఎన్నిసార్లు కూర్చోబెట్టినా లేచిపోయింది. కన్నడం బడిలో నేర్చుకుంది. కాగితం దీపం దగ్గరికి జరుపుకుని మెల్లగా చదవసాగింది.

"ఈ తూరి గూడా వాన లేదు. పెద్దదానికి జొరం తగ్గింది. రాత్రంతా నా కొంగు ఇడవకుండా పండుకునింది."

ఆ పెద్దది నేనే. ఆ జ్వరం నాకు గుర్తులేదు.

తెల్లారి బయలుదేరేటప్పుడు ఉత్తరాలు అడిగాను. "నేనుండేంతవరకు ఈడనే ఉండనీ మే" అంది చిన్నమ్మ. సరేనన్నాను. మా అమ్మాయి నోటుబుక్కు తీసి, బస్సు టైమయ్యేలోగా ఒక ఉత్తరమన్నా ఎక్కించుకుంటానని కూర్చుంది. పక్కన చిన్నమ్మ. "పండుకొనింది కాదు పాపా, పండుకునింది. మా అక్క ఎట్ల రాసిందో అట్లే రాయి."