పాచి బొమ్మ

మా యూరు కోనసీమలోనిది. వానకాలము వచ్చెనన్న అచటి గోడలకును, నూతి వరలకును, కొబ్బరి చెట్ల మొదళ్ళకును పచ్చని పాచి పట్టును. పెద్దలకు అది కాలుజారునను భయము. పిల్లలమైన మాకు అది ముఖమలు పరుపు. ఆ పాచితో మేము చేసిన యొక బొమ్మను గూర్చి చెప్పెదను.

అప్పుడు నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. ఒకనాటి మధ్యాహ్నము ఇంటిలో అందరును నిద్రించుచుండగా, అటక మీది బెల్లము కొరకు పీట వేసికొని యెక్కితిని. పీట కదలెను. నేను తూలి ప్రక్కనున్న ఊరగాయ జాడీపై బడితిని. అది రెండు చెక్కలయ్యెను. ఆ యేడు మామిడికాపు లేనందున అది ఖాళీగానే యుండెను. కాని అది మా నాయనమ్మ కాపురమునకు వచ్చునాడు పుట్టింటి నుండి తెచ్చుకొన్న జాడీ. నేను భయపడి ఆ చెక్కలను పెరటిలోని అరటి పొదల చాటున దాచితిని.

సాయంకాలము అమ్మ జాడీ కొరకు వెదకి, కానక, పనిమనిషిని అడిగెను. "నేను ముట్టలేదమ్మగారూ" అని ఆమె కంటనీరు పెట్టుకొనెను. తలుపు వెనుక నిలిచి నేనంతయు వింటిని, నోరు మెదపలేదు. మరునాడు ఆమె పనికి రాలేదు. అంట్ల గిన్నెలు నూతి యొద్ద అట్లే పడియుండెను. వానిని చూచినపుడెల్ల నాకు అన్నము సయింపలేదు.

మూడవనాడు నాయనమ్మ అరటాకు కోయుటకు పెరటిలోనికి పోవుచుండగా నేను ముందుగా పరుగిడి, ఆ చెక్కలను తీసి చూపి, "నేనే పగులగొట్టితిని" అంటిని. ఆమె కొంతసేపు ఆ చెక్కలను చేతితో నిమిరెను. పిదప, "జాడీ మాట తరువాత చూతము, నాయనా! ముందు ఆమె యింటికి పోయి ఈ మాటయే చెప్పి రమ్ము" అనెను.

వీధి చివరనున్న ఆ యిల్లు నాకు ఆనాడు ఆమడ దూరముగా తోచెను. ఆమె బియ్యము చెరుగుచుండెను. చెప్పితిని. ఆమె చేట దింపి, "అమ్మగారితో చెప్పితివా, బాబూ?" అని యడిగెను. "ఇంకను చెప్పలేదు" అంటిని. "చెప్పుము. అప్పుడు వత్తును" అనెను. ఆ సాయంకాలము అమ్మతో చెప్పితిని. అమ్మ నన్నేమియు అనలేదు. తానే స్వయముగా పోయి ఆమెను పిలుచుకొని వచ్చెను.

తరువాత నాయనమ్మ, "పగిలినది అతుకదు. అయినను పారవేయనేల?" అని నన్ను మామిడిచెట్టు నీడకు పిలిచెను. జాడీ చెక్కలను బోర్లించి బొజ్జ చేసితిమి. చిల్లుకుండ తలయయ్యెను; సొట్టగరిటెలు చేతులు, కొబ్బరిపీచు జుట్టు, సోడాసీసా మూతలు కన్నులు. చిరిగిన జల్లెడ గొడుగుగా అమరెను. మెత్తని బంకమట్టిలో పేడ కలిపి ఒడలంతయు పూసితిమి. నూతి వరపై పాచిని చాకుతో అరచేయి వెడల్పున రేకులుగా లేపి, తడిమట్టిపై అదిమి, పీచు త్రాటితో చుట్టితిమి. ఉదయమును సాయంకాలమును నీళ్ళు చిలుకరించుట నా పని. కొన్నాళ్ళకు పాచి అంటుకొనెను. "అచ్చముగా పెద్దమ్మగారే!" అని పనిమనిషి నవ్వెను. అందరికంటె ఎక్కువగా నవ్వినది నాయనమ్మయే.

వేసవిలో బొమ్మ గోధుమవన్నె కెక్కి ఎండిపోయెను. చచ్చినదని నేను దిగులుపడితిని. తొలకరి చినుకు పడగానే అది మరల పచ్చబడెను. పాచికి నిజమైన వేళ్ళు లేవు. పూవులును గింజలును లేవు. అది సన్నని పోగులతో ఆధారమును పట్టుకొని, ఆకులతోనే నీరు పీల్చును. నీరు లేనపుడు ఎండి వేచియుండును. ఈ సంగతి నాకు పుస్తకము కంటె ముందు ఆ బొమ్మయే నేర్పినది.

చాలయేండ్లకు చండీగఢ్‌లోని రాక్ గార్డెన్ చూచితిని. నేక్‌చంద్ అను రోడ్ల తనిఖీ ఉద్యోగి 1950వ దశకము చివర, కట్టడములు కూడని ప్రభుత్వ స్థలమున, పగిలిన గాజులు, పింగాణి ముక్కలు, రాళ్ళు చేర్చి రహస్యముగా బొమ్మలు చేయ మొదలిడెను. 1970వ దశకమున అది అధికారుల కంటబడెను. కూల్చివేయుదురేమో యనిపించినను, జనులు మెచ్చుకొనుటచే నిలిచి, 1976లో అందరికిని తెరువబడెను. ఆయనకు 1984లో పద్మశ్రీ లభించెను. 2015లో ఆయన కన్నుమూసెను. గాజుముక్కల బొమ్మల బారుల నడుమ నిలిచినపుడు, అరటి పొదల చాటున నేను దాచిన చెక్కలు జ్ఞప్తికి వచ్చెను.

మా జాడీ పగులును పాచి కప్పినది. నా తప్పును కూడ అట్లే కప్పియుంచినచో, ఆ బొమ్మను చూచి అందరితోపాటు నేను నవ్వగలిగి యుండెడివాడను కాను.