ఒక్కదానికి గది ఇస్తారా?

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. అప్పటి నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు, కండక్టరు జీరో టికెట్ చేతిలో పెడతారు. కోర్టు వాయిదాలకు, పోటీ పరీక్షలకు, ఆస్పత్రులకు, వేములవాడ రాజన్న మొక్కులకు ఆడవాళ్లు ఒంటరిగా బయల్దేరడం కళ్లముందే పెరిగింది. బస్సు ఖర్చు తప్పింది. పొద్దుగూకితే ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్న మాత్రం అట్లాగే మిగిలింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పుష్యమాసపు చలిలో, గోండుల నాగోబా జాతర దగ్గరపడుతున్న రోజుల్లో, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా వెళ్లాను.

కరీంనగర్ బస్టాండు పెద్దది. వేములవాడ, జగిత్యాల, గోదావరిఖని, మంచిర్యాల, వరంగల్ బస్సులన్నీ ఇక్కడే కలుస్తాయి. రాత్రి పది దాటాక ప్లాట్‌ఫారాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, ఆడవాళ్లు తమంతట తాముగా ఒకచోటికి చేరుతున్నారు. విచారణ కౌంటరుకు ఎదురుగా, ట్యూబులైటు వెలుగు సరిగ్గా పడే బెంచీలు నిండిపోయాయి. చీకట్లో ఉన్న బెంచీల మీద మగవాళ్లే ఉన్నారు. ఎవరూ బోర్డు పెట్టలేదు, ఎవరూ చెప్పలేదు. నా పక్కన కూర్చున్నావిడ కూతురితో పొద్దున్నే పరీక్షకు వెళ్లాలి. ఊళ్లో మొదటి బస్సు ఎక్కితే వేళకు అందదని ముందురోజే వచ్చేశారు. "లాడ్జిలకు పోతే ఏమనుకుంటరో అని ఈడనే కూసున్నం అక్కా" అంది. గదికి పెట్టే డబ్బు ఆమె దగ్గర ఉంది. కౌంటరు దగ్గర తనను చూసే చూపుకు జడిసి ఆ రాత్రి బెంచీ మీద గడిపింది.

ఆమె భయం ఉత్తది కాదని ఆ దగ్గర్లోనే తెలిసింది. ఒక లాడ్జిలో గది అడిగాను.

"సార్ ఎనకొస్తున్నరా మేడం?"

"లేదు, నేనొక్కదాన్నే."

"ఒక్క లేడీస్‌కు ఇయ్యొద్దని ఓనర్ చెప్పిండు మేడం. రేపేదన్న అయితే మా మీదికొస్తది. ఏమనుకోకుండ్రి."

కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. ఆ నియమం ఏ చట్టంలోనూ లేదు. పైగా మన రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో క్లాజు హోటళ్ల పేరు ఎత్తి మరీ చెబుతోంది: మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు వంటి కారణాలతో దుకాణాల్లోకి, హోటళ్లలోకి ఏ పౌరుణ్నీ పౌరురాలినీ రానివ్వకుండా అడ్డుకోకూడదు. 1950 నుంచి అమల్లో ఉన్న మాట ఇది. గుర్తింపు కార్డు చూపించి, రిజిస్టరులో సంతకం చేసి, డబ్బు కట్టే మనిషికి గది ఇవ్వననడానికి ఆడమనిషి కావడం కారణం కాకూడదు.

ఇంకో లాడ్జిలో గది దొరికింది. అక్కడి మేనేజరు పెద్దాయన. ఆధార్ జిరాక్సు తీసుకుని, మెట్లెక్కగానే వచ్చే మొదటి గది తాళంచెవి ఇచ్చారు. "పక్క రూముల ఫ్యామిలీ ఉన్నరమ్మా. ఏమన్న అవసరం పడితే కౌంటర్ నంబరుకు కొట్టు, రాత్రంతా నేనే ఉంట" అన్నారు. మూడో అంతస్తులో చివరి గది ఇవ్వకుండా, మనిషి పిలిస్తే వినపడే గది ఇవ్వాలని ఆయనకు ఎవరు నేర్పారో తెలియదు. ఆడవాళ్లకు గది ఇవ్వడమంటే ఎట్లా ఇవ్వాలో ఆయన్ను చూసి రాసుకోవచ్చు.

గదిలోకి వెళ్లగానే ఏం చూడాలో ఉద్యోగరీత్యా తిరిగే ఆడవాళ్లకు కొట్టినపిండి. నేనూ అదే వరుసలో చూశాను. పై గొళ్లెం గట్టిగానే ఉంది. కింది గొళ్లెం కూడా ఉంది కానీ, అది దిగాల్సిన రంధ్రం గచ్చులో సిమెంటుతో పూడిపోయింది. బాత్రూం వెంటిలేటరుకు మూడు అద్దపు పలకలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. మూడో దాని స్థానంలో ఎవరో పాత క్యాలెండరు మడిచి దోపారు. నాకన్నా ముందు ఆ గదిలో ఉన్న మరో ఆడమనిషి చేసిన పనే అయి ఉంటుంది. ఒక అద్దపు పలక, గచ్చులో ఒక రంధ్రం: మేస్త్రీకి గంట పని. ఆ గంట పని జరగకపోవడం వల్ల ఆ గదిలో దిగిన ఆడవాళ్లకు ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో.

మర్నాడు సఖి కేంద్రానికి వెళ్లాను. నిర్భయ నిధితో కేంద్ర ప్రభుత్వం 2015 ఏప్రిల్ నుంచి దేశమంతటా పెట్టిన వన్ స్టాప్ సెంటర్లకు మనవాళ్లు వాడుతున్న పేరు సఖి. హింసకు గురైన మహిళకు వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకేచోట అందుతాయి. ఐదు రోజుల వరకు తలదాచుకోవచ్చు. రాత్రీ పగలూ తలుపు తెరిచే ఉంటుంది. 181 నంబరుకు ఫోన్ చేస్తే ఇక్కడి దాకా దారి చూపిస్తారు. ఇంట్లో గొడవపడి చంటిబిడ్డతో రాత్రి బస్సెక్కిన వాళ్లు, ఏ ఊరు వచ్చామో తెలియని వాళ్లు, మతి చలించిన వాళ్లు, అందరూ చివరికి బస్టాండులోనే తేలతారని అక్కడి ఉద్యోగిని చెప్పింది. పోలీసులు వాళ్లను చూసి తీసుకొస్తే సరి. చూసేలోపు ఇంకెవరి కంట పడ్డారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుందని ఆమె అన్న మాట దగ్గర నా పెన్ను ఆగిపోయింది. గోడ మీద 181తో పాటు 100, 112, పిల్లల కోసం 1098 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి. కష్టంలో ఉన్న మహిళకు సఖి ఆశ్రయం ఇస్తుంది. కష్టం రాకముందే ఒక రాత్రికి సురక్షితంగా పడుకునే చోటు కావాల్సిన మహిళకు, అంటే ఆ పరీక్ష తల్లీకూతుళ్లకు, ఇది చిరునామా కాదు.

వేములవాడ కరీంనగర్‌కు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. 2016లో జిల్లాలు విడిపోయాక రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వెళ్లింది. రాజన్నకు సోమవారం ప్రీతి కాబట్టి ఆదివారం రాత్రికే జనం దిగిపోతారు. మేడారం జాతర ఉన్న ఏడు, సమ్మక్క దగ్గరికి పోయే ముందు రాజన్నను చూసుకోవడం ఆనవాయితీ. కోడెమొక్కు, తలనీలాలు, ఒక రాత్రి నిద్ర చేయడం అన్నీ మొక్కులో భాగమే. గదులు అందరికీ దొరకవు, అందరూ వాటికోసం చూడరు కూడా. చాపలు, చద్దర్లు పరుచుకుని ఆరుబయటే వందలమంది పడుకుంటారు.

ఆడవాళ్లు పడుకునే తీరు దగ్గర్నుంచి చూశాను. పిల్లలు నడుమ, వయసు ఆడపిల్లలు వాళ్ల పక్కన, అంచున ముసలవ్వలు. సంచీ తలకింద, దాని పట్టీ మణికట్టుకు ఒక చుట్టు. ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. నాకు చద్దరు జరిపి చోటిచ్చిన అవ్వది కోరుట్ల వైపు పల్లె. "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? మా నడుమ పండుకో. నాకెట్లనో నిద్ర రాదు, కూసుంట" అంది. మా మధ్య చుట్టరికం లేదు. కులమేదని అడగలేదు. ఆ రాత్రి లాడ్జి గదిలో కన్నా హాయిగా నిద్రపోయాను.

కష్టం మూడుగంటల వేళ మొదలైంది. మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఇద్దరు ముగ్గురు జతగా లేవాలి. దారిలో దీపం వెలగని చోట ఒకరు ఫోను వెలుతురు పట్టుకోవాలి. స్నానాలయ్యాక తడిబట్టలతో బట్టలు మార్చుకునే గదుల ముందు వరుస కట్టాలి. సాయంత్రం నుంచి నీళ్లు తాగకుండా ఉన్నామని ఇద్దరు ఆడవాళ్లు చెప్పారు. రాత్రి లేవాల్సి వస్తుందని. భద్రత అనగానే మనకు పోలీసు జీపు, సీసీ కెమెరా గుర్తొస్తాయి. అవి ఉండాలి. వాటికన్నా ముందు దీపం, నీళ్లు, లోపలి గొళ్లెం ఉన్న మరుగుదొడ్డి కావాలి.

యాత్రికుల బస సంగతి మనకొక్కరికే ఉన్న చింత కాదు. ఇటలీ దక్షిణాన నేపుల్స్, బారి, పలెర్మో నగరాలకు ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లలో కొందరు క్రైస్తవ సన్యాసినులు నడిపే విడిదిళ్లలో దిగుతారు. గది సాదాగా ఉంటుంది. చాలాచోట్ల రాత్రి ఫలానా వేళకు గేటు మూస్తామని ముందే చెబుతారు. అత్యవసర నంబరు అక్కడా 112 యే. ఆడవాళ్లపై హింసకు ప్రత్యేకంగా 1522 ఉంది. మఠం ఆవరణను పర్యాటకురాలి బసగా వాళ్లు మార్చుకోగలిగినప్పుడు, సత్రాలు కట్టించడం పుణ్యమని నమ్మిన మనం ఆడవాళ్లకు విడిగా ఒక హాలు, దానికి ఒక కాపలా మనిషి ఏర్పాటు చేయలేమా?

కరీంనగర్ నుంచి జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ బస్సెక్కాను. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు, టేకు అడవి, ఆపైన నేరడిగొండ, గుడిహత్నూర్. గుడిహత్నూర్ దగ్గర ఇంద్రవెల్లి, ఉట్నూరు దారి చీలుతుంది. బస్సులో ఇద్దరు టీచర్లు, ఒక ఏఎన్ఎం, చీరల మూట ఒళ్లో పెట్టుకున్న ఒకామె ఉన్నారు. ఈ అడవి దారుల్లో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ఆడవాళ్లను చూస్తే 2019 నవంబరు 24 గుర్తు రాక మానదు. ఆ రోజు ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం ఎల్లాపటార్ దగ్గర, గిన్నెలూ వస్తువులూ అమ్ముకునే ఒక పేద తల్లిపై ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. పోలీసులు ఆమెకు సమత అని పేరు పెట్టారు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు ముగ్గురికీ మరణశిక్ష విధించింది. ఆమె రాత్రి పూట బయటికి వెళ్లలేదు. పట్టపగలు తన పని తాను చేసుకుంటూ వెళ్లింది.

ఆ వారంలోనే శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేసిన దిశ ఘటన జరిగింది. రాష్ట్రమంతా అట్టుడికింది. డిసెంబరు మొదట్లో ఆర్టీసీ ఉద్యోగులతో సమావేశమైన అప్పటి ముఖ్యమంత్రి, రాత్రి ఎనిమిది దాటాక మహిళా కండక్టర్లకు డ్యూటీ వేయొద్దని ఆదేశించారు. ఆ ఉద్యోగినులకు అది ఊరటే. ప్రయాణికురాలి వైపు నుంచి చూస్తే, రాత్రి బస్సులోంచి ఒక ఆడమనిషి తగ్గింది. ఆడవాళ్లు ఎంత తక్కువ కనిపిస్తే ఆ చోటు మిగిలినవాళ్లకు అంత భయంగా మారుతుంది. ఆడవాళ్లను ఇంటికి పంపేసి రాత్రిని బాగుచేయలేం.

2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలైన పోలీసుల షీ టీమ్స్ ఇప్పుడు ఈ జిల్లాల్లోనూ పనిచేస్తున్నాయి. మఫ్టీలో బస్టాండ్లు, కాలేజీల దగ్గర తిరుగుతారు. 2024లో పోలీసులు తెచ్చిన టీ-సేఫ్ సేవతో, ఆటోలోనో క్యాబులోనో వెళ్లే మహిళ ప్రయాణాన్ని గమ్యం చేరేదాకా గమనిస్తారు. మంచి ఏర్పాట్లే. అయితే ఉట్నూరు అడవుల్లో చాలాచోట్ల ఫోనుకు సిగ్నలే అందదు. అక్కడ మనిషికి మనిషే సాయం.

ఆ సాయం ఎట్లా ఉంటుందో ఇంద్రవెల్లి దగ్గర నాగోబా జాతర జరిగే కేస్లాపూర్‌లో చూశాను. పుష్య అమావాస్యనాడు మెస్రం వంశస్థులు నాగోబాకు మహాపూజ చేస్తారు. గోదావరి నీళ్లు మోసుకొచ్చి, అంతకుముందే కుటుంబాలతో సహా మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. ఎన్ని కుటుంబాలు వచ్చినా వంట 22 పొయ్యిల మీదే. పూజలో ఆడబిడ్డలకు, కోడళ్లకు విడిగా పనులు ఉన్నాయి. కొత్త కోడళ్లను దేవుడికి, పెద్దలకు పరిచయం చేసే బేటింగ్ కార్యక్రమం రాత్రిపూటే జరుగుతుంది. తెల్లచీరలతో వరుసగా నడిచే ఆ కోడళ్లను చూస్తే, రాత్రి ఆడవాళ్లది కాదన్న మాట ఈ చెట్ల కింద ఎవరికీ తెలియదనిపించింది.

ఆదిలాబాద్ చలి ఎముకలు కొరికే చలి. నిప్పుల చుట్టూ కూర్చున్న గోండు ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ కూడా మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం ఉన్నారు. వాళ్ల సమాధులను ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చూసుకుంటున్నారు. పరాయి ఆడమనిషి ఊళ్లో ఉంటే ఆమె క్షేమం ఊరందరి బాధ్యత అన్న పద్ధతి ఇక్కడ పాతదే.

వేములవాడలో అవ్వ, కేస్లాపూర్‌లో నిప్పు దగ్గర చోటిచ్చిన ఆడవాళ్లు, కరీంనగర్‌లో ఆ మేనేజరు, అందరి దగ్గరా ఉన్నది ఒకటే గుణం: వచ్చినామెను ఎందుకొచ్చావని అనుమానించలేదు, ఎట్లా ఉంటావని చూసుకున్నారు. ఈ గుణం మనుషుల్లో ఉంది. అది బస్టాండ్లలో, లాడ్జిల్లో ఏర్పాటుగా మారాలి.

అందుకే అడుగుతున్నాను. ఆర్టీసీ ప్రతి జిల్లా కేంద్రం బస్టాండులో ఆడవాళ్లకు మంచాలు, మరుగుదొడ్డి, మహిళా కాపలాదారు ఉన్న ఒక హాలు తెరవాలి. తక్కువ రుసుము పెడితే ఆనందంగా కడతారు. లాడ్జి యజమానులు ఒంటరి మహిళకు గది లేదనడం మానాలి. ఆ మాట అన్నవాళ్ల మీద ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరో మున్సిపాలిటీ బోర్డు మీద రాయాలి. దేవస్థానాలు కొత్త కాటేజీల కన్నా ముందు దారుల్లో దీపాలు, మరుగుదొడ్లకు గొళ్లేలు చూడాలి. ప్రభుత్వం టికెట్ తీసేసి ఆడవాళ్లను ఇంటి గడప దాటించింది. వాళ్లు దిగిన ఊళ్లో నిశ్చింతగా నిద్రపోయే చోటు చూపించినప్పుడే ఆ పథకం పూర్తయినట్టు.