దొడ్డికాళ్లు

తడ దాటి సత్యవేడు దారి పడితే శ్రీసిటీ. ఉదయం బస్సులు దిగి కర్మాగారాల వైపు సాగిపోయే యువతీయువకుల కాళ్లను ఎవరూ చూడరు. నడక చక్కగా ఉన్నంతకాలం కాళ్లున్నట్లే తోచదు. అది కాస్త వంకరపోయిందా, లోకం కన్ను అటు తిరుగుతుంది. కన్ను కంటె ముందు నోరు తిరుగుతుంది. ‘దొడ్డికాళ్లు’ అన్న మాట బడిలో పుట్టి పెళ్లిచూపుల దాకా వెంటాడుతుంది.

నిజానికి పసిబిడ్డలందరివీ దొడ్డికాళ్లే. రెండేళ్లకు అవి నిటారవుతాయి. మూడు నాలుగేళ్లకు మోకాళ్లు ఒకదానినొకటి తాకేలా లోపలికి వంగి, ఏడేళ్లకు సర్దుకుంటాయి. ఆ వయసు దాటినా వంకర పోకపోయినా, ఒక కాలే వంగినా, నానాటికీ వంపు పెరుగుతున్నా, అప్పుడు చింతించాలి. విటమిన్ డి కొరవడితే ఎముక మెత్తబడి శరీరభారానికి వంగిపోతుంది. ఎండకు కొదవలేని మన సీమలోనూ ఈ లోపం ఉండడం వింతే!

తెలుగునాట మరో కారణం నేలలోనే దాగి ఉంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను వైద్యలోకానికి వెల్లడించారు. పళ్లపై గార, బిగుసుకుపోయిన వెన్ను దాని గుర్తులు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడు నీటి ప్రాంతాలలో ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని వివరించారు. దాహం తీర్చిన బావే కాళ్లు విరిచిందన్నమాట. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు తగదు. దానికి రంగు లేదు, కాచినా పోదు. పరీక్షిస్తేనే తెలుస్తుంది.

చికిత్స లేకపోలేదు. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యానికి పేరుపొందినదే. ఎదిగే వయసులో మోకాలి దగ్గర మెత్తని ఎదుగుదల పొర ఉంటుంది. దానికి ఒక పక్క చిన్న పలక బిగిస్తే, రెండో పక్క పెరిగి కాలు తనంతట తానే నిటారవుతుంది. పొర మూసుకుపోయాక ఎముకను కోసి సరిచేయవలసిందే. కాని ‘పెద్దయితే అదే పోతుంది’ అని పెద్దలు, నలుగురూ నవ్వుతారని పిల్లలు కాలం గడుపుతారు. పొడవు పావడా చాటున దాచిన కాలు వైద్యుని కంటపడే వేళకు ఆ పొర గట్టిపడిపోయి ఉంటుంది.