ఖూంటాఘాట్ అలుగు

సీపత్‌లో బాటసారిని ముందుగా పలకరించేవి ఇళ్లు కావు, విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్‌కు తూర్పుగా ఉన్న ఈ చిన్న ఊరిలో 2,980 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తి కాగలదు. బొగ్గు దీప్కా గనుల నుంచి రైలు మీదా, నీరు హస్‌దేవ్ కుడి కాలువ గుండానూ వస్తాయి. హెల్మెట్ లేనివాడు ఆ ద్వారం దాటలేడు. అదే ఉద్యోగి సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకుని, చెప్పులు చేతబట్టుకుని, పాచి పట్టిన బండల మీద నిశ్చింతగా నడుస్తాడు!

ఆ బండలు చూడాలంటే బిలాస్‌పూర్ మీదుగా ఉత్తరానికి పోవాలి. నాకు తోడు వచ్చినది మా పెద్దమ్మగారి అబ్బాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబం వారిది. కలచురుల పూర్వ రాజధాని రతన్‌పూర్‌లో మహామాయను దర్శించుకుని, ఇంకొంత దూరం పోగానే కొండల నడుమ ఖారంగ్ నది మీద ఖూంటాఘాట్ జలాశయం. మునిగిన అడవి తాలూకు మోళ్లు నీటిలో మిగిలిపోవడం వల్ల ఆ పేరు వచ్చిందంటారు. కార్తీక వనభోజనాలకు ఇంతకన్న చక్కని చోటు ఆ చుట్టుపట్ల నాకు కనిపించలేదు.

అలుగు మీద ఆనాడు నీరు పలుచని తెరలా జారుతున్నది. అన్నయ్య ఒక బండ వైపు చేయి చూపి కథ మొదలుపెట్టాడు.

2020 ఆగస్టు 16, ఆదివారం. వానలకు జలాశయం నిండి అలుగు ఉధృతంగా పొర్లుతున్నది. ఒకాయన ఆ నీటిలోకి దూకాడు. ప్రవాహం ఈడ్చుకుపోతుండగా ఒక రాయీ, చెట్టూ ఆసరా దొరికాయి. ఆ ఉరవడిలో ఆయనను చేరడం ఎవరి వల్లా కాలేదు. రాత్రంతా ఆ హోరులో, ఆ చీకటిలో, అలాగే పట్టుకుని ఉన్నాడు. మర్నాటి ఉదయం వైమానిక దళం వారి మి-17 హెలికాప్టర్ వచ్చి పైకి లాగింది.

“వానాకాలమంతా తాళం వేసేస్తే సరి తమ్ముడూ! ఒకడి సరదాకు ఎందరి ప్రాణాలు పణం పెట్టాలి?” అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ప్రాణం నాది, ఇష్టం నాది అనేవాడు, తన కోసం ఆ హెలికాప్టర్ నడిపేవాడిని లెక్కలోకి తీసుకోడు. కాని తాళానికి నా మనసు ఒప్పుకోలేదు. పొర్లే అలుగును దూరం నుంచి కళ్లారా చూడవచ్చిన వేలమంది చేసిన నేరమేమిటి?

నాకు బియాస్ గుర్తుకొచ్చింది. 2014 జూన్ 8న హిమాచల్‌లో మండీ దగ్గర, హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు నదిలోని రాళ్ల మీద ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీరు వదిలారు. 24 మంది విద్యార్థులూ, వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడూ కొట్టుకుపోయారు. ఆ పిల్లలు ఏ సాహసమూ చేయలేదు. తలుపులు ఎప్పుడు లేస్తాయో తెలిసినవాడు ఎగువన ఉన్నాడు; తెలియవలసినవారు దిగువన ఉన్నారు. ప్రభుత్వం కఠినంగా ఉండవలసినది అక్కడ అని నా అభిప్రాయం: నీరు వదిలే ముందు కూత మోగాలి, ఒడ్డున మనిషి నిలబడాలి, మోగించనివాడు జవాబు చెప్పాలి. ఖూంటాఘాట్ అలుగు నిండితే తనంతట తాను పొర్లుతుంది. దాని కోపం కళ్లకు కనబడుతుంది, చెవులకు వినబడుతుంది. ఇక్కడ పొర్లే రోజుల్లో ఒక తాడూ, ఇద్దరు కాపలావాళ్లూ చాలు.

అన్నయ్య ఒప్పుకోలేదు. “తాడు దాటేవాడు దాటనే దాటుతాడు” అన్నాడు.

అంతలో ఆయన మనవరాలు నీళ్లలో కాళ్లు పెడతానని మారాం చేసింది. తాళం వేయాలన్న పెద్దమనిషి పంచె ఎగగట్టి, దాని మణికట్టు గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క బండనూ కాలితో తడిమి చూసుకుంటూ నీళ్ల దాకా దిగాడు.