చక్రాల కుర్చీ, మూడు మెట్లు

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాయనమ్మకి సర్కారు క్యాంపులో ఇచ్చిన చక్రాల కుర్చీ చూశాను. తళతళా మెరుస్తోంది. ఎందుకు మెరవదు, ఎవరూ వాడట్లేదుగా! దాని మీద కందుల మూట పెట్టారు. మా ఇంటికి మూడు మెట్లు, ఆపైన గడప. తలుపేమో కుర్చీ కన్నా సన్నం.

"గీ బండెక్కి ఏడికి పోవాలె బిడ్డా? కడప దాటదాయె" అంది నాయనమ్మ.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దగ్గర. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. అంతకు మించిన బోరు నీళ్ళే మావాళ్ళు దశాబ్దాల పాటు తాగారు. నీళ్ళ నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు, అదో ఘనత! మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళొచ్చాయి, సంతోషం. నీళ్ళు మారాయి కానీ బిగుసుకుపోయిన వెన్నూ మోకాళ్ళూ మారవు కదా.

అసలు బాధ మరుగుదొడ్డితో. స్వచ్ఛ భారత్ 12 వేలతో కట్టిందే, కానీ కింద కూర్చునేది. మోకాలు వంగని మనిషి ఎలా కూర్చుంటుంది? నాన్న ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కోసి పెట్టాడు. అది ఒకసారి జారింది. అప్పట్నుంచి నాయనమ్మ పొద్దుగూకాక నీళ్ళు తాగడం మానేసిందని అమ్మ చెప్పింది. నీళ్ళ వల్లే ఇలా అయిన మనిషి, నీళ్ళకి భయపడుతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒక ఆఫీసుకెళ్ళి అడిగాను. "కొత్త ఇల్లయితే ఇందిరమ్మ ఇళ్ళకి పెట్టుకోండి, 5 లక్షలొస్తాయి. పాత ఇంటికి ర్యాంపు అంటే స్కీము లేదు" అన్నారు. పింఛనుంది. పేద వృద్ధులకి పరికరాలిచ్చే వయోశ్రీ ఉంది, 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. మన భాషలో చెప్పాలంటే మాడ్యూళ్ళన్నీ యూనిట్ టెస్టింగ్ పాస్. ఇంటిగ్రేషన్ టెస్టింగే ఎవరూ చేయలేదు!

ఇంగ్లండులో ఇలాంటి మార్పులకి 30 వేల పౌండ్ల వరకు గ్రాంటుంది. అమెరికా పల్లెల్లో 62 దాటిన పేద వృద్ధులకి సొంతిల్లు బాగు చేసుకోవడానికి 10 వేల డాలర్ల దాకా ఇస్తారు. అంత డబ్బు మనకెక్కడిది అంటారేమో. మా ఖర్చు చెప్తాను వినండి. ర్యాంపు, కమోడు, గోడకి రెండు పట్టుకునే రాడ్లు, తలుపు వెడల్పు చేయడం, మేస్త్రీ కూలితో సహా 31 వేలు. నాకది కారు ఈఎమ్ఐ రెండు నెలలది. 2023లో 4016కి పెంచిన దివ్యాంగుల పింఛను లెక్కన దాదాపు ఎనిమిది నెలల తిండి.

మేస్త్రీ ముందు బర్రెలెక్కే వాలులో కట్టబోయాడు. ఒప్పుకోలేదు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలి. మాది 21 అంగుళాలు, అంటే 21 అడుగులు. వాకిట్లో పట్టక మధ్యలో మలుపు తిప్పాం. ఎందుకంత పట్టుదలంటే, శివన్నగూడెం అంశల స్వామి గుర్తున్నారా? ఫ్లోరైడ్ బాధితుల గొంతై నిలిచిన మనిషి, 2023 జనవరిలో తన ఇంటి దగ్గరే మూడు చక్రాల బండి మీంచి పడి పోయారు.

ఇప్పుడు నాయనమ్మ రాత్రి కూడా చెంబెడు నీళ్ళు తాగుతోందట. కానీ మా వాడకట్టులోనే అలాంటి ఇళ్ళు ఇంకో నాలుగున్నాయి. ఆ ఇళ్ళల్లో సాఫ్ట్‌వేరు కొడుకుల్లేరు, మనవళ్ళూ లేరు. కుర్చీ ఇచ్చే రోజే ఒకరు టేపు పట్టుకుని ఆ ఇంటి తలుపు కొలిచి, ర్యాంపుకీ కమోడుకీ ఇంత అని రాసి ఇస్తే ఏం పోతుంది? కొత్త ఇంటికిచ్చే 5 లక్షల్లో పదహారు పాత ఇళ్ళు బాగుపడతాయి.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఇంటి గడప కూడా ఒకసారి కొలిచి చూడండి.