నది ఒడ్డున పొడుగుకాళ్ల ఇల్లు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ నగరాన్ని విడిచి ఈశాన్యంగా గంటసేపు ప్రయాణం చేస్తే హెన్రీ కౌంటీ చేరవచ్చు. అక్కడి నుంచి బాట సన్నబడుతుంది. గుట్టల నడుమ మెలికలు తిరుగుతూ, పోర్ట్ రాయల్ అనే చిన్న పల్లెను దాటి, కెంటకీ నది లోయలోకి దిగుతుంది. ఏటవాలు సున్నపురాతి గుట్టలు, వాటి పాదాల దగ్గర ఇరుకైన ఒండ్రునేల, నదిగట్టు వెంట సైకమోర్ చెట్ల తెల్లని మానులు, అక్కడక్కడ నల్లరంగు పూసిన పాత పొగాకు కొట్టాలు. ఈ సీమ స్వరూపం ఇంతే. తూర్పు కొండల్లో పుట్టిన ఈ నది ఇక్కడికి కొద్ది దూరంలోనే ఒహాయో నదిలో కలిసిపోతుంది.

ఆ గట్టు మీద, వరదనీటికి అందనంత ఎత్తున, కొయ్య స్తంభాలపై నిలబెట్టిన చిన్న గది ఒకటి ఉన్నది. చేలో మంచెను ఎరిగిన తెలుగువారికి ఆ ఆకారం కొత్తగా తోచదు. మంచె మీది మనిషి పంటను కాస్తాడు. ఈ మంచె మీద కూర్చున్న మనిషి మాత్రం నదిని కనిపెట్టి చూస్తూ, పెన్సిలుతో కాగితాలు నింపుతూ దశాబ్దాలు గడిపారు. ఆయన పేరు వెండెల్ బెర్రీ.

1934లో ఈ హెన్రీ కౌంటీలోనే జన్మించిన బెర్రీ కవి, నవలాకారుడు, వ్యాసకర్త. యాభైకి పైగా గ్రంథాలు వెలువరించారు. అంతే సహజంగా ఆయన రైతు కూడా. ఈ నదికి ఎదురుగా ఉన్న కొండవాలు మీద ఆయన, ఆయన భార్య తాన్యా పాడి ఆవులను పెంచారు, గొర్రెలను మేపారు, గుర్రాలతో సేద్యం చేశారు, తమ తిండిలో అధికభాగం తామే పండించుకున్నారు. కలమూ హలమూ ఒకే చేతిలో ఇమడడం మనకు వింత కాదు. రాజాశ్రయాన్ని కాదని సేద్యాన్ని నమ్ముకున్న బమ్మెర పోతన కథ తెలుగుదేశంలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. అయితే ఆ కథ వింటున్నప్పుడు సాధారణంగా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉన్నది. తెల్లవారుజామున ఆవు పిలుస్తుంది, మధ్యాహ్నం కంచె తెగుతుంది, సాయంత్రం మళ్లీ పాలు పితకాలి. మరి కావ్యం రాయడం ఎప్పుడు?

ఆ ప్రశ్నకు ఈ నదీతీరం చెప్పే సమాధానం తెలుసుకోదగినది.

గదికి కాళ్లు వచ్చిన వైనం

ఈ గదిని ఆ ఇంటివారు 'క్యాంప్' అని పిలుచుకుంటారు. 1920లలో బెర్రీ బంధువు, బ్రహ్మచారి అయిన కరన్ మాథ్యూస్ దీనిని మొదట నిర్మించాడు. బాల్యంలో బెర్రీకి బడినుంచి, పెద్దల అదుపునుంచి తప్పించుకొనే చోటు ఇదే. 1957లో తాన్యాతో వివాహమైనప్పుడు మొదటి వేసవి కాపురానికి ఆయన ఎంచుకున్న ఇల్లు కూడా ఇదే. విద్యుత్తు లేదు, కుళాయి నీళ్లు లేవు. చిల్లులు పూడ్చి, దోమతెరలు బిగించి, ఆ పాత గుడిసెను కొత్త పెళ్లికూతురికోసం స్వయంగా సిద్ధం చేసుకున్నారు.

తర్వాత చదువు, కొలువు ఆయనను దూరం తీసుకుపోయాయి. స్టాన్‌ఫర్డ్‌లో రచనా విద్య, ఇటలీ ఫ్రాన్సు దేశాలలో ఒక సంవత్సరం, ఆపై న్యూయార్కులో అధ్యాపకత్వం. వర్ధమాన రచయితకు ఇంతకంటే కావలసినది లేదని అందరూ అనుకునే కాలం అది. అటువంటి వేళ ఆయన కెంటకీకి తిరిగి వెళతాననగానే, సొంత ఊరికి మరలిపోవడం రచయితకు ఆత్మహత్యతో సమానమన్న ధోరణిలో సాహిత్య శాఖలోని పెద్దలొకరు హితవు చెప్పబోయారు. ఆ ఘట్టాన్ని బెర్రీ తన వ్యాసంలో ప్రస్తావించారు. హితవు విన్నారు, కాని మనసు మార్చుకోలేదు.

1963 వేసవిలో ఆయన పాత గుడిసెను విప్పదీసి, గట్టు మీద మరికొంత ఎగువకు మార్చి, పనికివచ్చిన పాత కలపను మళ్లీ వాడుతూ కొత్త గదిని నిలబెట్టారు. ఎగువకు జరపడానికి కారణం నది. 1937 నాటి మహావరదను ఒహాయో పరీవాహక ప్రాంతం ఇప్పటికీ మరచిపోలేదు. ఇక్కడ ఇల్లు కట్టేవాడు మొదట నీటిని అడగాలి, తర్వాతే మేస్త్రీని. గదికి పొడుగాటి కాళ్లు వచ్చింది అందుకే. 1969లో వెలువడిన ఆయన వ్యాససంపుటికి 'పొడుగుకాళ్ల ఇల్లు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టడానికీ కారణం అదే.

లోపల ఉన్నది ఒకే గది. నదివైపు నలభై అద్దాల పెద్ద కిటికీ, దానికి ఆనుకొని రాతబల్ల. విద్యుత్తు తీగను మాత్రం ఇందులోకి రానివ్వలేదు. సూర్యుడు వెలుతురు ఇచ్చినంతసేపే రాత.

పన్నెండు ఎకరాలు

1964లో బెర్రీ కెంటకీ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం స్వీకరించారు. ఆ ఏడాదే క్యాంపుకు సమీపంలో, ఒకప్పుడు ఆవిరిపడవలు ఆగిన లేన్స్ ల్యాండింగ్ అనే రేవు దగ్గర సుమారు పన్నెండు ఎకరాల నేలనూ ఒక పాత ఇంటినీ కొన్నారు. మరుసటి ఏడాది కుటుంబం అందులోకి మారింది. వేసవి విడిదిగా వాడుకుందామన్న మొదటి ఆలోచన కాపురంగా స్థిరపడింది. కాలక్రమేణా పక్కనున్న నేలలు కలిసి కమతం నూరు ఎకరాలు దాటింది. దానిలో చాలా భాగం నాగలికి లొంగని ఏటవాలు నేల.

ఈ సీమలో పశువులకు ఉన్న ప్రాధాన్యం ఆ వాలులోనే ఉన్నది. ఏటవాలు నేలను దున్నితే రెండు వానలకే పైమన్ను నదిపాలవుతుంది. పచ్చికగా వదిలితే గడ్డివేళ్లు మన్నును పట్టి ఉంచుతాయి. ఆ గడ్డిని మనిషి తినలేడు. ఆవు, గొర్రె దానిని పాలుగా, మాంసంగా, పేడగా మార్చి ఇస్తాయి. అయితే మంద పెరిగిన కొద్దీ గిట్టల తాకిడికి పచ్చిక చస్తుంది, మళ్లీ మన్ను జారుతుంది. కనుక ఎన్ని తలలను పెంచాలన్నది యజమాని ఆశ కాదు, నేల వాలు నిర్ణయిస్తుంది. 1970లలో బెర్రీ గుర్రాల జతను తెచ్చి వాటితో సేద్యం సాగించడానికి కూడా ఈ నేలే ప్రేరణ. గుర్రం వాలు మీద జాగ్రత్తగా అడుగు వేస్తుంది, మేతను పొలంనుంచే తెచ్చుకుంటుంది, ఎరువును తిరిగి పొలానికే ఇస్తుంది.

ఈ పాఠం ఆయనకు పుస్తకాలనుంచి మాత్రమే రాలేదు. నష్టం ద్వారా కూడా వచ్చింది. ఒక వాలు మీద అప్పుడప్పుడు పశువులను మేపుకోవాలనుకున్నారు. అక్కడ నీటి వసతి లేదు. సగం ఎత్తులో చిన్న చదును కనిపించగా, బుల్‌డోజర్ ఉన్న మనిషిని కూలికి పిలిచి కుంట తవ్వించారు. మొదట కుంట చక్కగానే కుదిరినట్లు కనిపించింది. ఆ శరత్తు, శీతకాలం విపరీతంగా వానలు కురిశాయి. నీళ్లు తాగి బరువెక్కిన నేల జారింది. పైనున్న అడవి నేలలో పెద్ద చెక్క విరిగి కుంటలోకి దిగింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టయింది ఆ పని. 1974 నాటి వ్యాసంలో ఆయన ఆ తప్పును యంత్రం మీదికో, కూలివాడి మీదికో నెట్టలేదు. తనకు తెలిసినదానికంటే మించిన బలాన్ని ఆ కొండమీద ప్రయోగించింది తానేనని ఒప్పుకున్నారు. నేలకు అయిన గాయం తన రాతలోనూ ఉండి తీరాలని ఆయన భావన.

చిన్న గది, చిన్న మంద, చేతిరాత. ఈ మూడింటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే. మనిషి తన చూపు ఆనేంత మేరకే పని పెట్టుకోవాలి. తెలుగులో 'గడ్డిపరకతో విప్లవం'గా పరిచితమైన మసనోబు ఫుకువోకా గ్రంథం 1978లో ఆంగ్లంలో వెలువడినప్పుడు దానికి ముందుమాట రాసినవారు బెర్రీయే అన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగిన విషయం.

ఎవరి చెమట?

ఇంతవరకు విన్న పాఠకుడికి ఒక సందేహం కలగాలి. ఈ బండిని లాగినది ఒక్కరేనా? కాదు. పాడితో, చిన్న సేద్యంతో, కవిత్వంతో అమెరికాలో ఇల్లు గడవడం సులభం కాదు. విశ్వవిద్యాలయపు జీతం 1964 నుంచి 1977 వరకు, తిరిగి 1987 నుంచి 1993 వరకు ఆ ఇంటికి ఊతమిచ్చింది. అంతకంటే పెద్ద ఊతం తాన్యా. ఇల్లు, తోట, పశువులు, ఇద్దరు పిల్లలు ఒకవైపు. మరొకవైపు, భర్త చేతిరాత ప్రతులను 1956లో కొన్న రాయల్ టైపురైటరుపై టైపు చేసినదీ, మొదటి పాఠకురాలిగా తప్పులు పట్టినదీ ఆమే.

1987లో బెర్రీ తాను కంప్యూటరు ఎందుకు కొనబోవడం లేదో వివరిస్తూ ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. అందులో భార్య టైపు చేసే సంగతి కూడా ఉన్నది. హార్పర్స్ పత్రికలో అది పునర్ముద్రణ పొందగానే కోపంతో ఉత్తరాలు వచ్చాయి. యంత్రానికి బదులు భార్యను వాడుకుంటున్నాడని కొందరు ఎత్తిపొడిచారు. ఆయన సుదీర్ఘంగా బదులిచ్చారు. తమ ఇల్లు ఇద్దరూ కలిసి పనిచేసే చోటు అనీ, బయట జీతానికి చేసే చాకిరీని స్వేచ్ఛగానూ ఇంటిలోని పనిని బానిసత్వంగానూ లెక్కించడం తనకు అర్థం కాదనీ ఆయన వాదం. ఆ జవాబు అందరినీ ఒప్పించలేదు. అయినా ఆ వివాదం ఒక మేలు చేసింది. రచయిత బల్లమీది ప్రశాంతతకు ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారన్న నిజాన్ని బట్టబయలు చేసింది. పల్లెలో పాడి ఉన్న ఏ ఇంటి ఇల్లాలికీ ఆ సంగతి ఒకరు చెప్పనవసరం లేదు.

ఇరుగుపొరుగు లేని పొలం

మరొక మూల్యాన్ని కౌంటీ మొత్తం చెల్లించింది. 1935లో అమెరికాలో 68 లక్షల కమతాలు ఉండేవి. 2022 నాటి వ్యవసాయ గణనలో అవి 19 లక్షలకు దిగాయి. పెద్దవాడు మరింత పెద్దవాడయ్యాడు. చిన్నవాడు పశువులను తోలి సంతలో అమ్మి పట్నం చేరాడు. 1977లో బెర్రీ రాసిన ప్రసిద్ధ గ్రంథం 'ది అన్‌సెట్లింగ్ ఆఫ్ అమెరికా' ఈ చెదిరిపోవడం గురించినదే. నవలల్లో ఆయన సృష్టించిన పోర్ట్ విలియం అనే ఊరు పోర్ట్ రాయల్‌కు నీడ. అందులో తరం తర్వాత తరంగా ఇళ్లు ఖాళీ అవుతుంటాయి.

ఒక్క మనిషి ఆదర్శంగా బతికినంత మాత్రాన ఊరు నిలవదని ఆయన ఇంటివారు ముందే ఎరుగుదురు. తండ్రి జాన్ బెర్రీ న్యాయవాది, రైతు. చిన్న రైతుకు కనీసధర దక్కేలా, సరుకు అతిగా పండకుండా కోటాలు ఉండేలా చూసిన బర్లీ పొగాకు సహకార వ్యవస్థను తీర్చిదిద్దిన ప్రముఖుల్లో ఆయన ఒకరు. పొగాకు మేలైన సరుకు కాకపోవచ్చు. ఆ ఏర్పాటు మాత్రం కొన్ని తరాల చిన్న రైతులను నేలమీద నిలిపింది. 2004లో ఆ ప్రభుత్వ విధానం రద్దయింది. 2011లో కూతురు మేరీ బెర్రీ న్యూ క్యాసిల్‌లో 'బెర్రీ సెంటర్' అనే సంస్థను స్థాపించారు. పచ్చికపై, తల్లిపాలపై పెరిగిన దూడలను చుట్టుపక్కల చిన్న రైతులనుంచి న్యాయమైన ధరకు సేకరించి, ఆ మాంసాన్ని స్థానికంగా అమ్మే ఏర్పాటును ఆ సంస్థ చేపట్టింది. తాతగారి పొగాకు నేర్పిన పాఠాన్ని మనుమరాలు పశువులకు వర్తింపజేసిందన్నమాట.

2000లో వెలువడిన 'జేబర్ క్రో' నవలలో, ఊరి మంగలి అయిన కథానాయకుడు వార్ధక్యంలో నది ఒడ్డున ఒక చిన్న గదిలో ఒంటరిగా స్థిరపడతాడు. ఆ గది ఎక్కడిదో క్యాంపు గురించి విన్నవారికి చెప్పనక్కరలేదు.

వానాకాలంలో నది గోధుమరంగు నీళ్లతో స్తంభాల వైపు పొంగి వస్తుంది. కొన్నాళ్లకు తీస్తుంది. వెళ్తూ గట్టు మీద ఒండ్రు వదిలిపోతుంది. శీతకాలపు సాయంకాలం నలభై అద్దాలలో వెలుగు ఒక్కొక్కటిగా ఆరిపోతుంది, కాగితం మీద అక్షరం కనిపించదు. దీపం లేదు కనుక పెన్సిలు పక్కన పెట్టవలసినదే. సరిగ్గా అదే వేళకు కొండవాలు మీద ఆవు తలుపు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. రాత ఆగే వేళా, పాలు పితికే వేళా ఆ ఇంట్లో ఒకటే.