నీడకూ అపాయింట్‌మెంటే

మా ఆర్‌వీకి, అంటే ఇల్లులా వాడుకునే ప్రయాణపు బండికి, నీడకోసం ఉండే ఆనింగ్ వంకరపోయిందని ఫోన్ చేస్తే, సర్వీస్ సెంటర్ వాళ్ళు సెప్టెంబరు చివర్లో రమ్మన్నారు. మిషిగన్‌లో అప్పటికి నీడ ఎవరికి కావాలి? ఎండ ఎక్కడుంటే అక్కడికి కుర్చీ జరుపుకుంటాం. ఈ దేశంలో పంటికి అపాయింట్‌మెంట్, కుక్కకు అపాయింట్‌మెంట్, సరే. బండికి వేలాడే గుడ్డముక్కకు కూడానా?

పైగా ఇక్కడి ఆర్‌వీల్లో అధికభాగం తయారయ్యేది మా సరిహద్దు దాటగానే ఉండే ఇండియానా రాష్ట్రపు ఎల్క్‌హార్ట్ ప్రాంతంలోనే. ఆర్‌వీల కోసం అక్కడ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం కూడా కట్టుకున్నారు. బండ్లు కట్టేవాళ్ళు బోలెడుమంది, స్ప్రింగు బిగించేవాడికి మాత్రం నెలన్నర ఆగాలి.

మాది మోటారు లేని పాతరకం. గుడ్డ చుట్టుకునే గొట్టంలో రెండు చివరలా స్ప్రింగులుంటాయి. ఆనింగ్ లాగుతుంటే అవి బిగుసుకుంటాయి, వదిలితే ఆ బిగువే గుడ్డను వెనక్కి చుట్టేస్తుంది. ఒకటి సడలితే ఆ వైపు వెనకబడి, గొట్టాన్ని మోసే రెండు చేతుల్లో ఒకటి మూసుకున్నాక కూడా రెండోది గాల్లోనే ఉంటుంది. మా బండి అలాగే ఒంటిచెయ్యి చాపుకుని లడింగ్టన్ స్టేట్ పార్కులో నిలబడింది.

పక్క సైటు పెద్దాయన, ఫోర్డులో పనిచేసి రిటైరయ్యాడట, అడక్కుండానే నిచ్చెన తెచ్చాడు. ముందు స్ప్రింగు జోలికి పోనివ్వలేదు. బండి గోడమీది గాడిలో గుడ్డ అంచు దూరి ఉంటుంది, ప్రయాణం కుదుపులకు పక్కకు జరుగుతుంది. చివర్లలో స్క్రూలు తీసి, గుడ్డను గొట్టానికి నడిమధ్యకు తెచ్చి బిగించాం. సగం వంకర అక్కడే పోయింది. ఆ తర్వాతే స్ప్రింగు. దాని మూతలోని రంధ్రంలో కాటర్ పిన్ను దూర్చి, స్ప్రింగును కట్టడి చేశాకే ఆయన బోల్టు మీద చెయ్యి వేశాడు. పిన్ను లేకుండా విప్పితే స్ప్రింగు ఒక్క విసురున తిరుగుతుంది, వేళ్ళు విరుగుతాయి. ఎన్ని చుట్లు తిప్పాలో మోడల్‌నూ పొడవునూ బట్టి కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఆయన పుస్తకం చూసే తిప్పాడు. అపాయింట్‌మెంట్ అడగలేదు, డబ్బులూ తీసుకోలేదు. మా ఆవిడ ఇచ్చిన పులిహోర మాత్రం రెండోసారి పెట్టించుకున్నాడు.

అంత కష్టపడి సరిచేశాక, ఒక చేతిని కావాలనే కిందికి దించాడు! వాననీరు జారిపోవాలిగా మరి. చదరపు మీటరు మేర 10 సెంటీమీటర్ల లోతున నీళ్ళు నిలిస్తే 100 కిలోలు. గుడ్డ చిరగకపోతే చేతులు వంగుతాయి. మిషిగన్ సరస్సు మీదినుంచి గాలి లేచిందంటే మాత్రం వాలు గీలు ఏమీ లేదు, చుట్టేయడమే.

మా ఊళ్ళో అయితే షామియానా కుర్రాళ్ళు అరగంటలో వచ్చి కరెంటు స్తంభానికి తాడు కట్టేసేవారని ఆయనతో కాస్త గొప్పగా చెప్పాను. షామియానాను బండికి తగిలించి హైవే మీద పరిగెత్తించరు కదా, ఆ మాట ఆయనే అన్నాడు. నిజమే. నాకు మాత్రం తెనాలి దగ్గర తాతయ్య వాకిట్లో తాటాకు పందిరి కళ్ళముందు ఆడింది. శ్రీరామనవమికి ముందు రాటలు పాతేవారు. మధ్యాహ్నం దాని కింద నవారు మంచం మీద పడుకుని ముంజెలు తినేవాళ్ళం. పందిరి వేసే పెద్దమనిషి “రేపొస్తానండీ” అని వారం రోజులు తిప్పేవాడు. ఆ రేపుకి తారీఖు ఉండేది కాదు. అయినా నవమి దాటనిచ్చేవాడు కాదు, సెప్టెంబరు మాట అసలే ఎత్తేవాడు కాదు.

ఆర్‌వీ అద్దెకు తీసుకునే తెలుగువారికి ఒక మనవి. తాళాలు పుచ్చుకునే ముందు ఆనింగ్‌ను పూర్తిగా తెరిపించి, మూయించి చూడండి. రెండు చేతులూ ఒకేసారి మూసుకోకపోతే ఆ బండి వద్దనండి.